వెండిపై ముద్ర: కర్తృత్వ వివేచన

దక్షిణ ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పాత ప్రాంగణానికి చేరువలో ఉన్న బేర్ సరాయ్ ఒకప్పటి పల్లె. నేడది పుస్తకాల దుకాణాలకూ, సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే విద్యార్థుల అద్దె గదులకూ పేరు పొందింది. తెలుగు జిల్లాల నుంచి వచ్చి చరిత్రను ఐచ్ఛిక విషయంగా ఎంచుకున్న విద్యార్థులు అక్కడ జిరాక్సు నోట్సు కొనుక్కుంటారు. మొదటి పుట ఊడిపోయిన నోట్సు ఎవరు రాసినదో తెలుసుకోవడం కష్టం. దానికి ఒక ప్రసిద్ధ అధ్యాపకుని పేరున్న అట్ట తగిలిస్తే చదివేవారి దృష్టిలో అది ఆయన రచనే అయిపోతుంది. చిత్రమేమంటే, చరిత్ర విద్యార్థి నేర్చుకునే తొలి పాఠాలలో ఆధార విమర్శ ఒకటి. పత్రం ఎక్కడిది, ఎప్పటిది, ఎవరిది అని విచారించేది బాహ్య విమర్శ. అందులోని మాట ఎంతవరకు నమ్మదగినదని విచారించేది అంతర విమర్శ.

తాళపత్రానికీ తామ్రశాసనానికీ వర్తించే ఈ విమర్శ పద్ధతి వెండి పాత్రకు కూడా వర్తిస్తుంది. పురాతన వెండి వస్తువుల అడుగున ఉండే చిన్న ముద్రలను వ్యాపారులు, సేకర్తలు, ఒక్కొక్కప్పుడు మ్యూజియం అధికారులు సైతం తిరుగులేని సాక్ష్యంగా స్వీకరిస్తారు. నిజానికి ముద్ర ఒక వాంగ్మూలం మాత్రమే. వాంగ్మూలాన్ని ఇతర ఆధారాలతో సరిచూడవలసి ఉంటుంది. ప్రపంచంలో ముద్రల వ్యవస్థ అత్యంత కట్టుదిట్టంగా సాగిన దేశాలలో ఒకటైన రష్యాలోనే నకిలీ ముద్రల సమస్య అత్యంత జటిలంగా పరిణమించడం ఈ సందర్భంలో పరిశీలించదగిన విషయం. ఆ అనుభవం మన దేశపు వెండి పనికీ, ముఖ్యంగా తెలుగు ప్రాంతపు వెండి పనికీ భిన్నమైన పాఠం చెబుతుంది.

ముద్రల వ్యాకరణం

రష్యాలో విలువైన లోహాల పరీక్షకు ప్రభుత్వ ముద్రలను 1700లో పీటర్ చక్రవర్తి శాసనం ద్వారా ప్రవేశపెట్టారు. పందొమ్మిదో శతాబ్ది నాటికి ఒక సాధారణ వెండి వస్తువుపై నాలుగు విషయాలు కనిపించేవి. మొదటిది వన్నె. రష్యన్ తూకంలో ఒక పౌనుకు 96 జొలోత్నిక్‌లు. కనుక శుద్ధమైన వెండి వన్నె 96. వాడుకలో అత్యధికంగా కనిపించే 84 అంకెకు వెయ్యిపాళ్లలో 875 పాళ్ల వెండి అని అర్థం. 88 అంకెకు సుమారు 917, 91 అంకెకు సుమారు 948 పాళ్లు. రెండవది నగర చిహ్నం. మాస్కోకు సర్పాన్ని సంహరించే సెయింట్ జార్జి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు రాజదండంతో కూడిన రెండు అడ్డ లంగర్లు. మూడవది లోహాన్ని పరీక్షించిన అధికారి పొడి అక్షరాలు, తరచు సంవత్సరంతో సహా. నాలుగవది తయారు చేసినవాని ముద్ర.

1899 నుంచి ఈ పద్ధతి మారింది. నగర చిహ్నాల స్థానంలో కొకోష్నిక్ అనే సంప్రదాయ శిరోభూషణం ధరించిన స్త్రీ శిరస్సు దేశమంతటికీ ఒకే ముద్రగా వచ్చింది. 1908 వరకు ఆ శిరస్సు ఎడమవైపు చూస్తుంది, పక్కన పరీక్షాధికారి పొడి అక్షరాలుంటాయి. 1908 తరువాత అది కుడివైపు తిరిగింది. అధికారి అక్షరాల స్థానంలో కార్యాలయాన్ని సూచించే గ్రీకు అక్షరం చేరింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు ఆల్ఫా, మాస్కోకు డెల్టా. 1927లో సోవియట్ ప్రభుత్వం జొలోత్నిక్ లెక్కను విడిచి వెయ్యిపాళ్ల లెక్కను, సుత్తితో కూడిన శ్రామికుని శిరస్సును స్వీకరించింది.

ఇంత క్రమబద్ధమైన వ్యవస్థ విమర్శకునికి గొప్ప సదుపాయం. ముద్రలు పరస్పరం సాక్ష్యమిస్తాయి, పరస్పరం ఖండించుకుంటాయి కూడా. ఫాబెర్జే సంస్థలో ప్రధాన శిల్పిగా పనిచేసిన మిఖాయిల్ పెర్ఖిన్ 1903లో మరణించాడు. అతని పొడి అక్షరాల పక్కన కుడివైపు చూసే స్త్రీ శిరస్సు ఉంటే ఆ రెండూ ఒకే కాలానివి కాజాలవు. మరణించిన శిల్పి అయిదేళ్ల తరువాత వస్తువు చేయలేడు. శక సంవత్సరం ఒక రాజుదీ, బిరుదులు అతని మనుమనివీ అయిన తామ్రశాసనాన్ని శాసన పరిశోధకుడు ఎలా అనుమానిస్తాడో ఇక్కడా అదే తర్కం.

వంచన లేని పొరపాట్లు

నకిలీలను గురించి మాట్లాడే ముందు పొరపాట్లను వేరు చేయవలసి ఉంది. తప్పు కర్తృత్వాలన్నీ మోసం వల్ల పుట్టినవి కావు. అనేకం అజ్ఞానం వల్ల, తొందర వల్ల పుట్టినవే.

అన్నిటికంటె తరచుగా జరిగే పొరపాటు పరీక్షాధికారిని శిల్పిగా భావించడం. 1855 నుంచి 1888 వరకు మాస్కోలో పరీక్షాధికారిగా ఉన్న విక్తోర్ సావిన్కోవ్ పొడి అక్షరాలు ఆ కాలపు మాస్కో వెండిపై విస్తారంగా కనిపిస్తాయి. వేరు వేరు కార్ఖానాలలో, వేరు వేరు చేతులు చేసిన చెంచాలు, పాత్రలు, ప్రతిమల తొడుగులు అన్నీ సావిన్కోవ్ కృతులని రాసుకుంటే ఒక అధికారి మహాశిల్పి అవుతాడు, నిజమైన శిల్పులు అనామకులవుతారు. పైగా రష్యన్ లిపిలో అతని పేరులోని రెండు తొలి అక్షరాలు రోమన్ కంటికి ‘బి’, ‘సి’ లుగా కనిపిస్తాయి. వాటి కిందనే 1880 అనే అంకె ఉంటే దాన్ని క్రీస్తు పూర్వపు సంవత్సరంగా పొరబడే అవకాశం కూడా లేకపోలేదు.

లిపి సమస్య ఇంకా లోతైనది. రోమన్‌లో ‘పి’ గా కనిపించేది రష్యన్‌లో ‘ర’. ‘హెచ్’ గా కనిపించేది ‘న’. ‘సి’ గా కనిపించేది ‘స’. ‘బి’ గా కనిపించేది ‘వ’. తెలుగు, కన్నడ లిపులు విడిపోని కాలపు శాసనాన్ని నేటి తెలుగు కంటితో మాత్రమే చదివితే ఎదురయ్యే ఇబ్బంది వంటిదే ఇది. అయితే వెండిపై మరో మెలిక ఉంది. ఫాబెర్జే శిల్పులలో ఫిన్లాండ్ నుంచి వచ్చినవారు అనేకులు రోమన్ అక్షరాలు వాడారు. పెర్ఖిన్ రష్యన్ అక్షరాలు వాడాడు, అతని వారసుడు హెన్రిక్ విగ్‌స్ట్రోమ్ రోమన్ అక్షరాలు వాడాడు. ఒకే సంస్థ, ఒకే నగరం, రెండు లిపులు. కనుక ముద్ర ఏ లిపిలో ఉన్నదో నిశ్చయించుకోకుండా దాన్ని చదవడం మొదలుపెట్టడానికి వీలులేదు.

మరొక చిక్కు సమానమైన పొడి అక్షరాలది. ఆగస్ట్ హోమ్‌స్ట్రోమ్, ఆగస్ట్ హోలింగ్ ఇద్దరూ ఫాబెర్జే శిల్పులే, ఇద్దరి పొడి అక్షరాలూ ఒకటే. రెండవవాని ముద్రలో అక్షరాల నడుమ ఒక చిన్న నక్షత్రం ఉంటుంది. దీర్ఘకాలం వాడిన వస్తువుపై ఆ నక్షత్రం అరిగిపోతే తేడా అరిగిపోయినట్లే. అంతేగాక 1903లో హోమ్‌స్ట్రోమ్ మరణించిన తరువాత అతని కుమారుడు ఆల్బర్ట్ తండ్రి ముద్రనే కొనసాగించాడు. అంటే అసలైన ముద్ర ఉన్న అసలైన వస్తువు విషయంలో కూడా ‘చేసినది ఎవరు’ అన్న ప్రశ్నకు కాలనిర్ణయం తోడైతే తప్ప సమాధానం దొరకదు.

ఫాబెర్జే అన్న పేరు కూడా ఇటువంటి జాగ్రత్తనే కోరుతుంది. కార్ల్ ఫాబెర్జే 1885లో రాజాస్థాన బిరుదు పొందిన గొప్ప సంస్థాధిపతి. అభిరుచి, రూపకల్పన, పర్యవేక్షణ ఆయనవి. వస్తువులను చేసినది శిల్పులు. సెయింట్ పీటర్స్‌బర్గ్ వస్తువులపై శిల్పి పొడి అక్షరాలు సంస్థ పేరుతో పాటు నిలిచాయి. మాస్కో వెండిపై మాత్రం రెండు తలల గరుడపక్షి కింద సంస్థ పేరు ఒక్కటే కనిపించడం సాధారణం. ఎనామెల్ పనిలో నిపుణుడైన ఫ్యోదోర్ ర్యూకెర్ట్ చేసి ఇచ్చిన వస్తువులపై అతని ముద్రను కప్పుతూ ఫాబెర్జే ముద్ర కొట్టిన సందర్భాలున్నాయి. అక్కడ రెండు ముద్రలూ అసలైనవే. అయినా పైది కిందిదాన్ని మరుగుపరుస్తుంది.

నకిలీ రూపాలు

ఉద్దేశపూర్వకమైన మోసాలను ప్రధానంగా నాలుగు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది పోత ముద్ర. అసలు వస్తువు నుంచి అచ్చు తీసి కొత్త వస్తువును పోతపోస్తే ముద్ర కూడా దానితోపాటే పోతలో వస్తుంది. ఉక్కు అచ్చుతో కొట్టిన ముద్ర అంచులు పదునుగా ఉంటాయి. దెబ్బకు పక్కకు జరిగిన లోహం గట్టుగా లేస్తుంది, పలుచని రేకు అయితే వెనుకవైపు దెబ్బ ఆనవాలు కనిపిస్తుంది. పోతలో వచ్చిన ముద్ర మెత్తగా, గరుకుగా, సబ్బుపై వేలిముద్ర వలె ఉంటుంది. ఒక జత పాత్రలలో రెండింటి ముద్రలూ ఒకే చోట, ఒకే వంపుతో, ఒకే గీతతో ఉంటే అనుమానించడం ధర్మం. చేత్తో కొట్టిన రెండు దెబ్బలు అచ్చంగా ఒకేలా పడవు.

రెండవది అతుకు ముద్ర. ఒక అసలైన చిన్న వస్తువు నుంచి ముద్ర ఉన్న ముక్కను కోసి, కొత్త పెద్ద వస్తువు అడుగున టంకంతో అతుకుతారు. పైపూతతో అతుకును దాచినా, ఆ చోట నోటి ఆవిరి ఊదితే గీత క్షణకాలం బయటపడుతుంది. కంసాలి కొట్టులో అనుభవజ్ఞులకు తెలియని సంగతి కాదిది.

మూడవది పెంపు ముద్ర. వస్తువు అసలైనదే, కాలమూ అసలైనదే. చేసినవాడు మాత్రం సామాన్యుడు. అతని ముద్రను గీకివేసి, ఆ చోట ప్రసిద్ధ శిల్పి ముద్ర కొడతారు. గీకిన చోట రేకు పలుచబడుతుంది, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే పల్లం తెలుస్తుంది. ఇది అన్నిటికంటె ప్రమాదకరమైన రూపం. ఎందుకంటే లోహ పరీక్ష, శైలి పరీక్ష, కాల పరీక్ష అన్నిటిలోనూ వస్తువు నెగ్గుతుంది. ఈ మోసంలో రెండు నష్టాలున్నాయి. కొన్నవాడు డబ్బు పోగొట్టుకుంటాడు. ఒక సామాన్య శిల్పి చరిత్రలో తనకున్న ఒకే ఒక్క ఆనవాలును పోగొట్టుకుంటాడు. మొదటి నష్టానికి న్యాయస్థానం ఉంది. రెండవ నష్టానికి ఫిర్యాదీయే లేడు.

నాలుగవది పూర్తి కల్పన. పాతదనపు శైలిలో నేడు చేసిన వస్తువుపై నేడు చెక్కిన అచ్చుతో అన్ని ముద్రలూ కొడతారు. ఇక్కడ తరచు పట్టిచ్చేది అతిశయం. నిజమైన కార్ఖానాలో ముద్ర ఒక లాంఛనం. చట్టం కోరినచోట, కొట్టడానికి వీలైనచోట పడుతుంది. నకిలీ వస్తువుపై అది కొనేవాని కంటికి ఎదురుగా, అందంగా పేర్చినట్లు ఉంటుంది. దేహంపై అన్ని ముద్రలూ ఉండి, విడదీయగల మూతపై ఒక్కటీ లేకపోవడం కూడా అనుమానకారణమే. రష్యన్ పద్ధతిలో విడిభాగాలపై సైతం సంక్షిప్త ముద్ర వేసేవారు. వస్తువంతా అరిగి, ముద్ర మాత్రం నిన్న కొట్టినట్లుండటం, లేదా ముద్ర అరిగి, దాని చుట్టూ ఉన్న నగిషీ పదునుగా ఉండటం రెండూ ఒకే కథ చెబుతాయి.

లోహ పరీక్షకు గీటురాయి నుంచి ఎక్స్-కిరణ యంత్రం వరకు సాధనాలున్నాయి. 84 ముద్ర ఉన్న వస్తువు పరీక్షలో 925 పాళ్లు చూపితే, నేటి అంతర్జాతీయ వన్నెలో నేటి వెండితో చేసినదేమోనని సందేహించాలి. పాత వెండిలో బంగారం, సీసం, బిస్మత్ లేశాలు తరచు మిగిలి ఉంటాయి. విద్యుత్తుతో శుద్ధి చేసిన నేటి వెండిలో అవి బహు స్వల్పం. అయితే పాత చెంచాలను కరిగించి కొత్త పాత్ర చేసినవానిని లోహ పరీక్ష పట్టుకోలేదు. లోహం కూడా సాక్షులలో ఒకటే. ముద్ర, లోహం, పనితనం, వస్తువు చేతులు మారిన చరిత్ర నాలుగూ ఏకీభవించినప్పుడే కర్తృత్వం నిలుస్తుంది.

గ్రంథం చేసిన మేలు, కీడు

రష్యన్ ముద్రల అధ్యయనానికి 1983లో మాస్కోలో వెలువడిన పోస్త్నికోవా-లోసేవా ప్రభృతుల గ్రంథం ఆధారభూతమైనది. వేలాది ముద్రలను క్రోడీకరించిన ఆ పరిశ్రమ శ్లాఘనీయం. కాని ఇటువంటి గ్రంథాలకు ఒక అనివార్యమైన దోషముంది. విమర్శకునికి దీపమైన పుస్తకమే నకిలీ చేసేవానికి నమూనా పుస్తకం కూడా. అంతకంటె సూక్ష్మమైన దోషం మరొకటి. ముద్రల పట్టిక చేతికి వచ్చిన తరువాత సేకర్త వస్తువును తలకిందులు చేసి చూడటం అలవాటు చేసుకున్నాడు. పాత్ర ఆకారం, బరువు, పిడి వంపు, అతుకుల శుభ్రత, లోపలివైపు పని, వీటిని చూడవలసిన కన్ను అడుగునున్న నాలుగు గుర్తుల దగ్గరే ఆగిపోయింది. చూడటం చదవడంగా కుదించుకుపోయింది.

ముద్రను చదివితే చాలుననుకునేవారికి రెండు ఉదంతాలు ఆలోచింపజేసేవి. అమెరికన్ వ్యాపారి ఆర్మండ్ హామర్ 1930లలో రష్యన్ కళావస్తువులను అమెరికాలోని పెద్ద దుకాణాల ద్వారా అమ్మాడు. ఫాబెర్జే ముద్రలు కొట్టే అసలు అచ్చులే ఆయన చేతికి వచ్చాయనీ, వాటిని కొత్త వస్తువులపై వాడారనీ ఎడ్వర్డ్ జే ఎప్‌స్టీన్ 1996లో ప్రచురించిన హామర్ జీవితచరిత్రలో ఆరోపించాడు. ఆ ఆరోపణ లేవనెత్తే తాత్త్విక ప్రశ్న మాత్రం స్పష్టం. అచ్చు అసలైనదైతే ముద్ర అసలైనదవుతుందా? రాజముద్రిక దొంగ చేతిలో పడితే వెలువడిన శాసనం రాజశాసనం అవుతుందా? రెండవ ఉదంతం ఇటీవలిది. 2020 నవంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో మొదలైన ఫాబెర్జే ప్రదర్శనలోని కొన్ని వస్తువులు నకిలీవంటూ 2021 జనవరిలో ఆండ్రే రుజ్నికోవ్ అనే వ్యాపారి బహిరంగ లేఖ రాశాడు. మ్యూజియం సంచాలకుడు మిఖాయిల్ పియోత్రోవ్‌స్కీ ప్రదర్శనను సమర్థించాడు. ముద్రల శాస్త్రం ఇంత పెరిగిన తరువాత కూడా ఇంత పెద్ద సంస్థలో వివాదం తలెత్తడం గమనార్హం. వాదం ముద్రల దగ్గర తేలలేదు. పనితనం దగ్గరకు, వస్తువు పూర్వచరిత్ర దగ్గరకు వెళ్లవలసి వచ్చింది.

ముద్ర లేని చేతులు

రష్యాలో సమస్య ముద్రల బాహుళ్యం. మన దేశంలో సమస్య ముద్రల లేమి. బ్రిటిష్ పాలనలో భారతదేశంలో వెండి పరీక్షించి ముద్ర వేసే ప్రభుత్వ కార్యాలయం లేదు. కలకత్తాలోని హామిల్టన్ సంస్థ, మద్రాసు మౌంట్ రోడ్డులోని పి. ఆర్ అండ్ సన్స్ వంటి ఐరోపా వ్యాపార సంస్థలు తమ సొంత ముద్రలు వేసుకున్నాయి. హామిల్టన్ ఏనుగు గుర్తు వాడింది. ఇంగ్లండు ముద్రలను తలపించే గుర్తులను వరుసగా కొట్టడం ఆ వర్తకంలో ఒక రివాజు. వాటికి చట్టపరమైన విలువ లేదు. లండన్ వాసనను మాత్రం అవి తెచ్చిపెట్టేవి. అందువల్ల ఇక్కడ చేసిన వస్తువును ఇంగ్లండు వస్తువుగా పొరబడటం జరిగింది. విన్యార్డ్ విల్కిన్సన్ వంటి పరిశోధకుల కృషితో ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ ముద్రలు తేటపడ్డాయి.

అయితే తేటపడినవి సంస్థల పేర్లు మాత్రమే. మద్రాసు ‘స్వామి’ శైలి వెండిని తీసుకుందాం. దేవతామూర్తులను ఉబ్బెత్తు పనిలో మలచిన టీ పాత్రలు, పళ్లేలు, చెంబులు ఐరోపావారి బల్లలను అలంకరించాయి. 1875–76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనలో అందుకున్న కానుకలలో పి. ఆర్ సంస్థ స్వామి శైలి టీ పాత్రల సముదాయం ఉంది. ఆ మూర్తుల ఆయుధాలు, ముద్రలు, వాహనాలు ధ్యానశ్లోకం తెలిసిన చేతులు మలచినవే. దేవాలయ కవచాలకూ ఉత్సవ విగ్రహాలకూ అలవాటుపడిన కంసాలి సుత్తి దెబ్బ వాటిలో కనిపిస్తుంది. వస్తువు అడుగున మాత్రం స్కాట్లాండు వర్తకుని పేరు. ఆ కంసాలులలో తమిళులెందరో, తెలుగువారెందరో చెప్పడానికి ముద్రలో ఒక్క అక్షరం లేదు. ఫాబెర్జే పీటర్స్‌బర్గ్ శిల్పికి కనీసం రెండు అక్షరాల చోటు దక్కింది. మద్రాసు కంసాలికి ఆ చోటు కూడా దక్కలేదు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. కచ్ సంస్థానంలోని భుజ్ నగరపు శిల్పి ఊమర్సీ మావ్జీ తన పొడి అక్షరాలను ఊరిపేరుతో కలిపి కొట్టాడు. నేడు ప్రపంచ మ్యూజియాలలో ఆయన పేరు వినబడటానికి ఆ చిన్న అలవాటే ముఖ్య కారణం. కాని దాని ఫలితం మరొకటి కూడా ఉంది. పేరున్న ఒక్కనికి, పేరులేని వందమంది పని ఆపాదితమయ్యే ప్రలోభం బలపడింది. కచ్ శైలిలో చక్కని పని కనిపిస్తే అది మావ్జీదే అనడం సులభం. ముద్రలేని వస్తువుపై రెండు అక్షరాలు కొట్టడం ఇంకా సులభం. ముద్రలు అరుదుగా ఉన్న చోట ఒక్క ముద్ర విలువ అమితంగా పెరుగుతుంది.

కరీంనగర్ వెండి తీగపని ఈ ప్రశ్నను మరింత సూటిగా మన ముందుంచుతుంది. ఎల్గందల్‌లో మొదలై కరీంనగర్ చేరినదిగా ప్రతీతి ఉన్న ఈ కళలో సన్నని తీగలను మెలిపెట్టి, చదునుచేసి, లతలుగా, ఆకులుగా వంచి, కాస్త దళసరి చట్రంలో అమర్చి టంకంతో అతుకుతారు. పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు, పళ్లేలు, నగల పెట్టెలు దీని ప్రసిద్ధ రూపాలు. ముద్ర కొట్టడానికి చదునైన చోటే లేని పని ఇది. ఉక్కు అచ్చు దెబ్బ పడితే తీగల అల్లిక నలిగిపోతుంది. కనుక పాత తీగపని వస్తువు చేతికి వచ్చినప్పుడు అది కరీంనగర్‌దా, ఒడిశాలోని కటక్‌దా అని నిర్ణయించడానికి తీగ మందం, చట్రం బలం, నింపుడు పనిలోని మెలికలు, వస్తువు ప్రయోజనం తప్ప మరొక దారి లేదు. కటక్ పని పేరు లోకంలో ముందుగా వ్యాపించింది. కనుక సందేహం వచ్చినప్పుడల్లా పట్టికలో ‘కటక్’ అని రాసుకునే అవకాశం ఎక్కువ. ఇది నకిలీ కాదు, అపహరణ కాదు. అయినా ఒక ఊరి పనితనం మరొక ఊరి ఖాతాలో జమ అవుతుంది.

హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి, అంటే 1937లో, వచ్చిన కానుకలు భద్రపరచి ఉన్నాయి. ఇటువంటి రాచకానుకలపై సాధారణంగా చెక్కి ఉండేది సమర్పించినవారి పేరు, అందుకున్నవారి బిరుదు. చేసినవాని పేరు వెదకవలసి వస్తుంది. ఆ విధంగా ఒక వెండి వస్తువుకు దాత పేరు, గ్రహీత పేరు, వర్తకుని పేరు, పరీక్షాధికారి పేరు అన్నీ అతుక్కోవచ్చు. శిల్పి పేరు వాటిలో ఏదో ఒకదాని కింద కప్పబడి ఉంటుంది. ర్యూకెర్ట్ ముద్రపై పడిన ఫాబెర్జే ముద్రకూ దీనికీ స్వభావంలో తేడా లేదు.

పరీక్షా ముద్రల పద్ధతి స్వతంత్ర భారతంలో ఆలస్యంగా వచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ బంగారానికి 2000లో, వెండికి 2005లో ముద్రణ పథకాలు ప్రారంభించింది. 2021లో బంగారు నగల ముద్రణను తప్పనిసరి చేస్తూ ఆరు అక్షరాంకాల ప్రత్యేక సంఖ్యను ప్రవేశపెట్టారు. అంతకుముందు నగపై కంటికి కనిపించిన వర్తకుని గుర్తు ఆ సంఖ్య వెనుక ఉన్న లెక్కల్లోకి వెళ్లింది. వినియోగదారునికి ఇది మేలైన రక్షణ. రేపటి చరిత్రకారునికి మాత్రం ఆ లెక్కలు భద్రంగా ఉన్నంతకాలమే ఆ సంఖ్యకు అర్థముంటుంది. నగ చేసిన చేయి నాడూ అందులో లేదు, నేడూ లేదు.

అనుమానానికి హద్దు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ప్రతి ముద్రనూ శంకించాలని భావిస్తే అది మరొక దోషం. భారతీయ శాసన అధ్యయన చరిత్ర ఈ విషయంలో మంచి గుణపాఠం. కూటశాసనం అన్న మాట మనకు కొత్తది కాదు. ఏడవ శతాబ్దిలో హర్షుని మధుబన్ తామ్రశాసనం, కూటశాసనం ఆధారంగా ఒకడు అనుభవిస్తున్న గ్రామాన్ని అతని నుంచి తీసివేసి ఇతరులకు ఇచ్చినట్లు పేర్కొంటుంది. 1901లో జె. ఎఫ్. ఫ్లీట్ ఇండియన్ ఆంటిక్వరీలో కూటశాసనాల పట్టికను ప్రకటించాడు. లిపికీ, తేదీకీ, వంశావళికీ గల వైరుధ్యాలను ఆయన నిశితంగా పట్టుకున్నాడు. కాని పశ్చిమ గంగుల శాసనాలలో ఆయన తోసిపుచ్చిన కొన్నిటిని తరువాతి పండితులు అసలైనవిగా అంగీకరించారు. కూటాన్ని అసలని నమ్మితే చరిత్రలో అబద్ధం చేరుతుంది. అసలును కూటమని తోసిపుచ్చితే చరిత్ర నుంచి నిజం తొలగుతుంది. రెండవ తప్పు చేసినవానికి సాధారణంగా విమర్శకుడన్న కీర్తి దక్కుతుంది కనుక అది మరింత జాగ్రత్తగా గమనించవలసిన తప్పు.

అధికారుల దృష్ట్యా ఈ విషయానికి చట్టపరమైన ప్రాముఖ్యం ఉంది. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులోకి వచ్చింది. కనీసం 100 సంవత్సరాల వయస్సు గల కళావస్తువు దాని ప్రకారం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప ఇతరులు దాన్ని దేశం దాటించరాదు. వస్తువు పురావస్తువా కాదా అన్న ప్రశ్న వస్తే 24వ సెక్షను ప్రకారం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ మహాసంచాలకుని లేదా ఆయన నియమించిన అధికారి నిర్ణయమే అంతిమం. ఇక్కడ ఒక విచిత్రమైన తిరకాసు ఉంది. ఢిల్లీలోని దరీబా కలాన్ వంటి వెండి బజారులో అమ్మేవానికి కొత్త వస్తువు పాతదని అనిపించుకోవాలి. విమానాశ్రయంలో అదే మనిషికి పాత వస్తువు కొత్తదని అనిపించుకోవాలి. ఎడమవైపు చూసే కొకోష్నిక్ శిరస్సు ఉన్న పాత్ర అసలైనదైతే నేటికి వందేళ్లు దాటిన పురావస్తువు, నకిలీ అయితే మామూలు సరుకు. బజారులో గొప్పగా చూపిన ముద్రనే రేవులో ‘అది కల్పితమండీ’ అని తేలిక చేయవచ్చు. ముద్ర ఒక్కదానిపై ఆధారపడే అధికారి రెండు చోట్లా మోసపోతాడు.

పట్టికలో రాయవలసినది

ఈ చర్చ అంతా చివరకు మ్యూజియం నమోదు పుస్తకంలోని ఒక గడి దగ్గరకు వస్తుంది. ‘చేసినవారు’ అన్న ఆ గడిలో ఒక్క పేరు రాయడం అలవాటు. ఆ ఒక్క గడిని విడదీయడం అవసరం. ముద్రలో ఉన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్లుగా ఒకచోట, ఏ లిపిలో ఉన్నవో, ఎక్కడ కొట్టి ఉన్నవో, అరుగుదల ఎంతో దాని పక్కన రాయాలి. వాటికి చెప్పిన అర్థం మరొకచోట, చెప్పినవారి పేరుతో, తేదీతో రావాలి. సంస్థ పేరు, శిల్పి పేరు వేరు వేరు గడులలో ఉండాలి. శిల్పి పేరు దొరకనప్పుడు ఆ గడిని సంస్థ పేరుతో నింపకుండా ‘మద్రాసు కంసాలి పని’, ‘కరీంనగర్ తీగపని, పనితనాన్ని బట్టి నిర్ణయం’ అని ఆధారం చూపి రాయడం మేలు. ఖాళీగా వదిలిన గడి రేపటి పరిశోధకుని పిలుస్తుంది. తప్పు పేరుతో నింపిన గడి అతన్ని గుమ్మంలోనే ఆపివేస్తుంది.

ఈ పని ఖరీదైనది కాదు. భూతద్దం, తక్కెడ, ఏటవాలు వెలుతురు, లిపి తెలిసిన ఒక మనిషి, వెండి పని తెలిసిన మరొక మనిషి ఉంటే చాలు. ఆ రెండవ మనిషి కరీంనగర్‌లో నేటికీ తీగ మెలిపెడుతున్న పనివాడు కావచ్చు. 2007లో కరీంనగర్ తీగపనికీ, 2024లో కటక్ తీగపనికీ భౌగోళిక సూచిక లభించింది. ఊరి పేరుకు చట్టం రక్షణ ఇచ్చింది. పాత వస్తువుల ముందు ఆ పనివారిని కూర్చోబెట్టి, ఏ మెలిక ఎవరి ఊరిదో చెప్పించి నమోదు చేస్తే, ముద్రలు చెప్పని సంగతులు కొన్నయినా పుస్తకానికి ఎక్కుతాయి. మ్యూజియాల నిపుణుల సంఘాలలో ఆచార్యునికీ అధికారికీ వేసే కుర్చీల పక్కన కంసాలికి కూడా ఒక కుర్చీ వేయవలసిన సమయమిది.